పై పెదవి ఎత్తి చూడండి

మా డాక్టరమ్మ పోయారు. ఆవిడ మేనకోడలు హనుమకొండ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను నెల్లూరులో మా వంటింట్లో కూర్చుని గోంగూర ఒలుస్తున్నాను. "ఆంటీ, అత్తమ్మ పోయింది. పొద్దుగాల టీ తీస్కపొయ్యేసరికే లేదు" అంది ఆ పిల్ల. చేతిలో కాడ చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్లే మళ్ళీ అంది: "ఒక్క సంగతి అడుగుత ఆంటీ. మాట పడిపోయిన కాన్నించి అత్తమ్మ కుడిచెయ్యి బొటనవేలు ఊకె గాల్లకి లేపుతుండె. నీళ్ళు కావాల్నా అంటే కాదు, ఫ్యాన్ వెయ్యాల్నా అంటే కాదు. ఆఖరి దాకా గట్లనే. మీరొచ్చినప్పుడు సూసిండ్రు కద, మీకేమన్న ఎరికేనా?"

"ఎరికే తల్లీ. ఫోన్లో చెప్పేది కాదు, రాసి పంపిస్తా" అన్నాను. ఇది ఆ రాయడమే. ఆ పిల్లతో పాటు మీరూ చదవండి.

సాయంత్రానికి, ఒకప్పుడు ఖమీస్ ముషైత్‌లో పనిచేసి వచ్చిన మా వాళ్ళందరి వాట్సాప్ గుంపు నిండిపోయింది. దేవత అని ఒకరు, మహాతల్లి అని ఒకరు, దీపాల బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడను దేవత అని ఎవరైనా ఎదురుగా అంటే నవ్వేసి, "దేవతలకు పండ్లు పుచ్చిపోతయా బిడ్డా? నోరు తెరువు" అనేవారు. అన్నవాడి నోట్లో ఏదో ఒకటి కనిపెట్టేదాకా వదిలేవారు కాదు.

నేను ఖమీస్‌కు వెళ్ళింది యుద్ధానికి ముందు. సౌదీకి దక్షిణాన కొండల మీద ఉండే ఊరు అది. ఎడారి అనుకుని నూలు చీరలు సర్దుకుపోయిన నేను దిగిన రోజే చలికి వణికాను. అక్కడి సర్కారు దవాఖానాలో పళ్ళ విభాగంలో నర్సు ఉద్యోగం. తెలుగు డాక్టరు ఉన్నారంటే ప్రాణం లేచొచ్చి, లోపలికి పోయి నమస్కారం పెట్టాను. ఆవిడ పేరడగలేదు, ఊరడగలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా పై పెదవి బొటనవేలితో ఎత్తి చూసి, "ఎడమ దిక్కు నమలవు కదా నువ్వు? ఎన్నేండ్ల సంది?" అన్నారు. నిజమే. స్కూల్లో చదివేటప్పటి నుంచి నేను కుడి పక్కనే నమిలేదాన్ని. ఆ సంగతి మా అమ్మకు కూడా తెలియదు. ఆ పన్ను ఆ రోజే బాగుచేశారు. అది ఇప్పటికీ నా నోట్లో ఉంది.

ఆవిడ చేసే కొన్ని పనులు చెప్తాను. నోట్లో పెట్టే చిన్న అద్దాన్ని ముందు తన గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టేవారు, చల్లటి ఇనుము తగిలితే పిల్లలు ఉలిక్కిపడతారని. పన్ను పీకేటప్పుడు సన్నగా ఏదో కూనిరాగం తీసేవారు, అది ఏ పాటో నాకు ఎన్నడూ తెలియలేదు. టీలో చక్కెర వేసుకునేవారు కాదు కానీ మా కోసం ఒక డబ్బా నిండా ఉంచేవారు. శుక్రవారం సెలవు. ఆ రోజు మన వాళ్ళు, కట్టడాల పని మీద వచ్చిన కరీంనగర్, కడప పిల్లలు, దవడకు తువ్వాలు చుట్టుకుని ఆవిడ క్వార్టర్‌కు వచ్చేవారు. పన్ను నొప్పికి సెలవు అడిగితే ఫోర్‌మన్ నవ్వేవాడట. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, కాగితం ఇవ్వకుండా దవాఖానాలో చీటీ రాసేవారు కాదు. ఆవిడ వరండాలో స్టూలు వేసి ఒక్కొక్కరి నోరూ చూసేవారు. ఆ చక్కెర డబ్బా సంగతి గుర్తుపెట్టుకోండి, దాని గురించి చెప్పాల్సి ఉంది.

కువైట్ మీదికి ఇరాక్ వాళ్ళు వచ్చారు. ఆ చలికాలంలో యుద్ధం మొదలైంది. క్షిపణులు పడింది రియాద్ మీద, దహ్రాన్ మీద. మా కొండల దాకా ఏదీ రాలేదు. అయినా భయానికి దూరం ఏముంది? మా ఊరి పక్కనే వైమానిక స్థావరం. విమానాలు లేచినప్పుడల్లా ట్రేలో పట్టకార్లు గలగలమనేవి. అందరూ కిటికీలకు టేపు అంటించారు. విషవాయువు వస్తుందన్నారు, తలుపు కింద తడి తువ్వాళ్ళు పెట్టమన్నారు. పెద్దవాళ్ళకు కొందరికి ముఖానికి తొడుక్కునే మాస్కులు దొరికాయి. చంటిపిల్లలకు ఏం తొడుగుతారు? దవాఖానాకు వచ్చే ప్రతి తల్లి ముఖంలోనూ ఆ ప్రశ్నే కనిపించేది.

ఒకరోజు మధ్యాహ్నం కుర్చీలో పేషెంటు ఉండగా సైరన్ మోగింది. ఆడవాళ్ళందరినీ ఎక్స్‌రే గదిలోకి తోశాం, ఆ గదికి కిటికీలు లేవని. నేను తలుపు కింద తువ్వాళ్ళు కుక్కాను. లోపల ఊపిరాడని ఇరుకు. అందులో ఒక అమ్మాయి, కొండల అవతల తిహామా లోయ నుంచి పన్ను పీకించుకోవడానికి వచ్చింది, చేతిలో నెలల పాప. పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. తల్లి వణుకుతోంది, ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళూ ఏడుపు అందుకున్నారు. సీసాలో పాలు ఉన్నాయి కానీ పాప మొహం తిప్పేసుకుంటోంది.

డాక్టరమ్మ చటుక్కున బయటికి పోయి మా చక్కెర డబ్బా తెచ్చారు. చెంచాడు, ఇంకో చెంచాడు సీసాలో పోసి, అరచేతుల మధ్య గిరగిరా తిప్పి పాప నోట్లో పెట్టారు. పాప రెండు గుక్కలు లాగి, కళ్ళు పెద్దవి చేసి, ఊరుకుంది. గది మొత్తం ఊరుకుంది. ఆవిడ తన వచ్చీరాని అరబ్బీలో చుట్టూ ఉన్న తల్లులతో చెప్పారు, "చూశారు కదా, ఏడిస్తే ఇలా చెయ్యండి. పడుకునేటప్పుడు కూడా నోట్లోనే ఉండనివ్వండి. భయపడరు."

నాకు నోరు ఊరుకోదు కదా. "ఏంది డాక్టరమ్మా, పళ్ళ డాక్టరై వుండి మీరే చక్కెర పోస్తా వుండారే" అన్నాను.

"దానికి పండ్లే రాలే కద బిడ్డా. ముందుగాల బతకనియ్యి" అన్నారు. అందరం నవ్వాం. ఆ గదిలో నవ్వడం ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తు.

యుద్ధం అయిపోయింది. టేపులు పీకేశాం, గాజుల మీద జిగురు మరకలు చాలాకాలం అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత ఒకటి రెండు చలికాలాలు గడిచాయేమో, చిన్నపిల్లలు రావడం మొదలైంది. రెండేళ్ళ వాళ్ళు, మూడేళ్ళ వాళ్ళు. పై వరస ముందు పళ్ళు నల్లగా, సగం విరిగి, చిగుళ్ళ దగ్గర మొరటు మొద్దుల్లా. కింది పళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే తీపి పాలు పై పళ్ళ చుట్టే నిలిచిపోతాయి, నాలుక అడ్డుండి కింది పళ్ళను కాపాడుతుంది. అందుకే పోయేవి పై పళ్ళు. ఒక కొండ నుంచి, ఇంకో లోయ నుంచి, ఒకరికొకరు తెలియని ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలందరికీ అదే నోరు.

ఒక తల్లిని డాక్టరమ్మ అడిగారు, "ఎవరు చెప్పారమ్మా, సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టమని?"

"దుక్తూరా చెప్పింది" అంది ఆమె. అక్కడ లేడీ డాక్టర్లను అలాగే అంటారు, ఇండియా వాళ్ళను హిందీ అంటారు. "యుద్ధంలో ఖమీస్ దవాఖానాలో హిందీ దుక్తూరా ఒకామె చెప్పిందట. దేవుడు ఆమెకు మేలు చెయ్యాలి. ఆ భయంలో మా పిల్లలు ఒక్కరోజు కూడా ఏడవలేదు."

ఆ దుక్తూరా ఎదురుగానే ఉందని ఆమెకు తెలియదు. డాక్టరమ్మ అద్దం ట్రేలో పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. నేను వెళ్ళి కొళాయి కట్టేశాను. ఆవిడ ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి ఆవిడ కూనిరాగం ఆగిపోయింది. ఆగిపోయిందని మాకు వెంటనే తెలియలేదు, గదిలో ఏదో తక్కువైందని మాత్రం అనిపించేది.

మరుసటి వారమే ఆవిడ మా ముదీర్ దగ్గరికి, అంటే దవాఖానా పెద్ద దగ్గరికి, వెళ్ళి గురువారాలు జీపు ఇమ్మని అడిగారు. నేను వెనక నిలబడి ఉన్నాను. ఎందుకు అన్నాడాయన. ఊళ్ళకు పోయి నా మాట నేను వెనక్కి తీసుకోవాలి అన్నారీవిడ. ముదీర్ మంచివాడే. తల పట్టుకుని, "ఆ మాట ఎవరి దగ్గరా అనకు. యుద్ధంలో ఎవరెవరో ఏమేమో చెప్పారు" అన్నాడు. "ఎవరెవరో కాదు, నేను" అన్నారు డాక్టరమ్మ. జీపు ఇచ్చాడు.

జీపు తోలేది మా భాయ్. కడప దగ్గరి మనిషి, మాకంటే ముందు వచ్చి ఆ కొండదారులన్నీ కొట్టిన పిండి అయినవాడు. గురువారం పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, "యాడికి సిస్టరమ్మా ఈ పొద్దు, కోతులకు పండ్లు తోమేకేనా?" అనేవాడు. ఘాటు రోడ్డు నిండా కోతుల మందలు ఉండేవి మరి. నేను ముందుకు వంగి తిట్టేదాన్ని. డాక్టరమ్మ వెనక సీటులో కళ్ళు మూసుకుని అరబ్బీ మాటలు వల్లెవేసుకుంటూ ఉండేవారు. చెప్పిన తప్పు వచ్చీరాని భాషలో చెప్పాను, దిద్దేది మాత్రం సరైన భాషలో చెప్పాలి అనేవారు.

ఆ లోయల్లో మగవాళ్ళు తల చుట్టూ పూలదండ పెట్టుకుంటారు. బంతిపూలు, మరువం, మన తులసి లాంటి రైహాను. మొదటిసారి చూసి నేను, "అందరూ పెళ్ళికొడుకుల మాదిరి వుండారే" అని నవ్వాను. రాతి ఇళ్ళు. మేడ మీద ఆడవాళ్ళ గది, గోడలకు వాళ్ళే వేసుకున్న రంగుల గీతలు. మా దాకా రాలేని ఆడవాళ్ళు ఆ గదుల్లో ఉండేవారు. ఆ పల్లెల్లో పళ్ళ డాక్టరు లేడు. కొండెక్కి ఖమీస్‌కు రావాలంటే ఇంట్లో మగమనిషి ఉండాలి, బండి ఉండాలి, రోజంతా పోవాలి. వచ్చాక కుర్చీ దగ్గర మగ డాక్టరుంటే ముసుగు తీసి నోరు చూపించడం కుదరదు. నొప్పికి లవంగం నమిలి ఊరుకునేవారు.

ప్రతి ఇంట్లోనూ డాక్టరమ్మ చాప మీద కూర్చుని మొదట చెప్పే మాట ఒకటే. "సీసా నోట్లో పెట్టి పడుకోబెట్టమని చెప్పిన దుక్తూరాను నేనే. అది తప్పు. ఇప్పుడు సరైనది చెప్పడానికి వచ్చాను." కొందరు నమ్మేవారు కాదు. కొందరికి కోపం వచ్చేది, ఒక ముసలావిడ కాఫీ ఇవ్వకుండా పంపించేసింది. అక్కడ అంతకంటే అవమానం లేదు. డాక్టరమ్మ మెట్లు దిగి, పక్కింటి మెట్లు ఎక్కారు.

ఆ తర్వాత నేర్పేది నేర్పేవారు. శుక్రవారం పిల్లకు స్నానం చేయించాక తల మీ ఒళ్ళో పెట్టుకోండి. బొటనవేలితో పై పెదవి ఎత్తి చూడండి. చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత కనిపిస్తే సీసాలో తీపి ఆపండి, నీళ్ళు పెట్టండి, తడిగుడ్డతో తుడవండి, నా దగ్గరికి తీసుకురండి. నాతో తెలుగులో అనేవారు: "అందరు నలుపు కనపడ్డంక వస్తరు బిడ్డా. తెలుపు కనపడ్డప్పుడు వస్తే పన్ను మిగుల్తది."

అలాంటి ఒక ఇంట్లో తలుపు తీసినామె డాక్టరమ్మను చూడగానే ముసుగు పైకి ఎత్తేసి చేతులు పట్టుకుంది. ఎక్స్‌రే గదిలో పాపతో వణికిన అమ్మాయి ఆమే. "రండి, ఇదిగో చూడండి మీ పాప" అని పిల్లను లోపలి నుంచి పిలిచింది. మూడేళ్ళ పిల్ల వచ్చింది, పేరు నూరా. ఎర్ర గౌను, చేతికి పూసలు. తల్లి ఏదో అంటే నవ్వబోయి, తల్లి ముసుగు అంచు లాక్కుని నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడి ఆడపిల్లలు ముసుగు వేసుకునేది చాలా ఏళ్ళ తర్వాత. ఈ పిల్ల అప్పుడే నోరు దాచుకోవడం నేర్చుకుంది.

నోరు తెరవమంటే తెరవలేదు. బతిమాలితే తల్లి వెనక్కి పోయింది. డాక్టరమ్మ చాప మీద వెల్లకిలా పడుకున్నారు. "నాది చూడు ముందు" అని తన పై పెదవి చూపించారు. పిల్ల కాసేపు ఆలోచించి వచ్చి, ఇంత బొటనవేలితో ఆవిడ పెదవి ఎత్తి చూసింది. ఏం కనిపించిందో, కిలకిలా నవ్వింది. అప్పుడు కనిపించాయి. ముందు పళ్ళు నాలుగూ నల్లటి మొద్దులు. ఒక దవడ పన్ను దగ్గర చీము గుల్ల.

తల్లికి అది పళ్ళ పురుగు అని తెలుసు, పాలపళ్ళే కదా రాలిపోతాయి అని కూడా తెలుసు. డాక్టరమ్మ ఆమె ఎదురుగా కూర్చుని, నేను పోసిన చక్కెర వల్లే ఇది, తప్పు నాది అని చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. "ఆ రోజు నువ్వే దీన్ని బతికించావు" అంది. పళ్ళు తీసేయాలి, ఖమీస్‌కు తీసుకురా అంటే, భర్త జిజాన్ వైపు పనికి పోయాడని, రాగానే తెస్తానని చెప్పింది. డాక్టరమ్మ మందు ఇచ్చారు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా, "భర్త రాకుంటే మనమే పొయ్యి తెద్దాం. మనమే తెద్దాం" అంటూనే ఉన్నారు.

వానలు పడ్డాయి. ఆ లోయ రోడ్డు కొట్టుకుపోయింది. తెరిచిన మొదటి గురువారమే బయలుదేరాం.

మేము వెళ్ళేసరికి తండ్రి అంతకు ముందు రోజే వచ్చి ఉన్నాడు, బండి కోసం ఊళ్ళో తిరుగుతున్నాడు. నూరా తల్లి ఒళ్ళో ఉంది. వాపు దవడ దాటి మెడలోకి దిగింది. బుగ్గ మీద, వాపు తగ్గుతుందని పెట్టిన చిన్న వాత. వాళ్ళను తప్పుపట్టడానికి నేనెవరిని? మా పల్లెలోనూ పెడతారు, కామెర్లకు మా నాయనమ్మ నాకు పెట్టిన వాత మచ్చ ఇంకా పోలేదు. డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, "నడు భాయ్" అన్నారు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

ముందు సీటులో తండ్రి, తల చుట్టూ పూలదండతో. వెనక తల్లి, నేను, మధ్యలో డాక్టరమ్మ, ఆవిడ ఒళ్ళో నూరా. ఘాటు మీద మంచు కమ్మింది, అద్దాలు మూసేశాం. జీపు నిండా రైహాను వాసన. పిల్ల నాలుక పైకి తోసుకొచ్చి గాలి ఆడటం లేదు. డాక్టరమ్మ దవడ ముందుకు లాగి పట్టుకుని, బొటనవేలు పై పెదవి కింద పెట్టి నోరు తెరిచి ఉంచుతున్నారు. "ఇఫ్తహీ, నూరా. ఇఫ్తహీ, యా బింతీ." తెరువమ్మా, తెరువు నా బిడ్డా. అదే మాట మలుపు మలుపుకీ. భాయ్ పెదవులు కదులుతున్నాయి, అల్లాను తలుచుకుంటూ బండి తోలుతున్నాడు. పిల్ల ఊపిరి గురగురమనే చప్పుడు జీపు ఇంజను కంటే పెద్దగా వినిపించేది. తర్వాత ఇంజను చప్పుడే మిగిలింది.

డాక్టరమ్మ నోటితో గాలి ఊదారు. మళ్ళీ ఊదారు. ఎంతసేపో. "ఆపు భాయ్" అని నేనే అన్నాను. బండి ఆగింది. తండ్రి వెనక్కి తిరగలేదు, దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తల్లి తన ముసుగు అంచు తెచ్చి పిల్ల నోటి మీద కప్పింది. కప్పబోతే కుదరలేదు. డాక్టరమ్మ బొటనవేలు ఇంకా ఆ పై పెదవి కిందనే ఉంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, వేలు మెల్లగా బయటికి తీశాను.

ఇదీ, తల్లీ, నువ్వడిగిన సంగతి. మీ ఇంట్లో తులసి పెట్టనియ్యదు అత్తమ్మ, వాకిట్లో అందరికీ ఉంది మాకే లేదు అని నువ్వు ఒకసారి నవ్వుతూ అన్నావు. అందులో పట్టింపేమీ లేదు. ఆ వాసన ఆవిడకు పడేది కాదు, అంతే.

ఆవిడ మానేస్తారనుకున్నాను. ఆ పక్క గురువారం గేటు దగ్గరికి నేను ఆలస్యంగా వెళ్ళాను, జీపు ఉండదులే అని. భాయ్ బండి తుడుస్తున్నాడు. కోతుల మాట ఎత్తలేదు. "డాక్టరమ్మ ఎప్పుడో వచ్చి కూసోనుండాది, ఎక్కు సిస్టరమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ చెప్పే మాటలో ఇంకొకటి చేరింది. నేను చెప్పింది తప్పు, దాని వల్ల ఒక పిల్ల పోయింది. ఆడవాళ్ళు తమ పిల్లలను ఒళ్ళోకి లాక్కునేవారు. నాకు అది చూడబుద్ధి అయ్యేది కాదు. ఎందుకు డాక్టరమ్మా ప్రతిచోటా తవ్వుకుంటారు, తెల్ల గీత గురించి చెప్తే చాలదా అని విసుక్కున్నాను ఒకసారి. "మొదటి మాట తీపిగుండె బిడ్డా, అందుకే అన్ని కొండలెక్కింది. రెండోది చేదుగుంటది. దానికి కాళ్ళు నేనే కావాలె" అన్నారు.

కొన్నాళ్ళకు పిల్లలు మారడం మొదలైంది. ఒక ఊళ్ళో ముందు, ఒక ఊళ్ళో వెనక, కొన్ని చోట్ల అసలే లేదు. తెల్ల గీతలతో వచ్చేవారు, నల్ల మొద్దులతో కాదు. నూరా తల్లి కూడా వచ్చింది, భర్తతో, చంకలో కొత్త పాపతో. లోపలికి రాగానే బెంచీ మీద కూర్చుని, పాప తల ఒళ్ళో పెట్టుకుని, తనే బొటనవేలితో పై పెదవి ఎత్తి చూపించింది. రెండు చిన్న పళ్ళు, మెరుస్తూ. "దీనికి సీసా పట్టలేదు, దుక్తూరా. నువ్వు రెండోసారి చెప్పిన మాట విన్నాను" అంది.

డాక్టరమ్మ తల ఊపారు. అద్దం గుప్పిట్లో పెట్టుకుని వెచ్చబెడుతూ నిలబడ్డారు కానీ పాప దగ్గరికి వెళ్ళలేకపోయారు. చివరికి నన్ను చూడమన్నారు. చూశాను. బాగున్నాయని చెప్పాను. ఆ తల్లి లేచి, ఆవిడ కుడిచేతి బొటనవేలు పట్టుకుని తన నుదుటికి ఆనించుకుని వెళ్ళిపోయింది. ఆమెకూ గుర్తుంది మరి, ఆ వేలు.

నేను ముందు ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం వదులుకుని, వచ్చేశాను. డాక్టరమ్మ ఇంకా చాలా ఏళ్ళు ఉన్నారు. హనుమకొండ వచ్చాక కూడా ఇంటికి ఎవరు చంటిపిల్లను తెచ్చినా ముద్దుచేయడం తర్వాత, ముందు పెదవి ఎత్తి చూడడమే. చుట్టాలు చాదస్తం అనుకున్నారు. అనుకోనివ్వండి. ఫోన్లో నాతో ఖమీస్ గురించి ఎన్నో మాట్లాడేవారు, చలి, భాయ్, శుక్రవారం తువ్వాళ్ళు చుట్టుకుని వచ్చే కుర్రాళ్ళు. ఆ పిల్ల పేరు మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. మాట పడిపోయింది. మనుషులను గుర్తుపట్టడం లేదన్నారు. కిటికీ పక్కన మంచం. ఆవిడ కళ్ళు మంచం పక్కన ఖాళీ చోట ఉన్నాయి, నేల నుంచి ఇంత ఎత్తులో, మూడేళ్ళ పిల్ల నిలబడితే ముఖం ఉండే చోట. బొటనవేలు లేచింది. గాలిలో ఆగి, కొంచెం పైకి జరిగి, ఆగింది. పడిపోయింది. మళ్ళీ లేచింది. మొన్నటిదాకా రాత్రుళ్ళు వచ్చి పోయేదేమో ఆ పిల్ల, ఇప్పుడిక పోవడం లేదు, అక్కడే నోరు మూసుకుని నిలబడి ఉంది అనిపించింది.

"డాక్టరమ్మా, నేనమ్మా" అన్నాను. చూడలేదు. ఆ రోజు జీపులో ఆ వేలు తీసింది నేనే. ఈసారి తీయబుద్ధి కాలేదు. మోకాళ్ళ నొప్పితో మెల్లగా కిందికి దిగి, ఆ ఖాళీ చోట నేను కూర్చున్నాను. ముఖం ముందుకు పెట్టి, పై పెదవి ఆ వేలికి ఆనించి, నోరు తెరిచాను.

వేలు ఆగింది. చల్లగా ఉంది. తర్వాత పాత బలం కొంచెం వచ్చి నా పెదవిని పైకి ఎత్తింది. ఆవిడ కళ్ళు దిగి వచ్చి నా చిగుళ్ళ అంచున ఒక చివరి నుంచి ఇంకో చివరికి వెతకసాగాయి.

వెనక నుంచి మేనకోడలు అడిగింది: "ఏం చూస్తున్నది ఆంటీ అత్తమ్మ?"

పెదవి ఆవిడ వేలి మీద ఉంది. చెప్పలేకపోయాను. ఆవిడ ఇంకా చూస్తూనే ఉన్నారు.